పారిష్‌లో పొలాల పేర్లు సేకరించడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంగ్లండ్‌లో మీరుంటున్న పారిష్ (మన పంచాయతీ లాంటిది) వాళ్ళు పొలాల పేర్లు సేకరిస్తున్నారని, వాటి అర్థాలు ఎలా తేల్చాలని అడిగారు. తూర్పు ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్ కౌంటీలో మా పల్లెకి నేనూ ఇదే పని చేస్తున్నాను. అర్థాల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఏ పొలానికి ఏ పేరు, ఎవరు ఎలా పలికారు, ముందు అది రాసుకోండి.

మొదట టైథ్ మ్యాప్ చూడండి. చర్చికి పంటలో పదో వంతు (అదే టైథ్) ఇచ్చే పద్ధతిని 1836 చట్టం డబ్బు చెల్లింపుగా మార్చింది. ఎవరు ఎంత కట్టాలో తేల్చడానికి ఊరూరికీ మ్యాపు, రిజిస్టరు తయారుచేశారు. మన అడంగల్ చూసినవాళ్ళకి ఆ రిజిస్టరు ఇట్టే అర్థమవుతుంది: యజమాని, సాగుదారు, ప్లాటు నంబరు, పొలం పేరు, దున్నే నేలా గడ్డి నేలా, విస్తీర్ణం, కట్టాల్సిన సొమ్ము. ఒక ప్రతి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటుంది, మరొకటి చాలాసార్లు కౌంటీ రికార్డ్ ఆఫీసులో దొరుకుతుంది. అంతకుముందే భూముల పంపకంలో టైథ్ రద్దయిన ఊళ్ళకి ఈ మ్యాపు ఉండకపోవచ్చు.

ఆ మ్యాపు జిరాక్స్ పట్టుకుని ఊళ్ళో పెద్దవాళ్ళతో పొలం గట్ల మీద నడవండి. ఒక పెద్దాయన నాకు పెద్ద గోధుమ చేలో ఒక మూల చూపించి ‘పైటిల్’ అన్నారు. చిన్న కంచె మడిని అక్కడ అలాగే అంటారు. కంచె తీసేసి ఎన్నేళ్ళయిందో! రిజిస్టరులో ఆ నంబరుకి సరిగ్గా అదే పేరుంది. పక్క పొలానికి మాత్రం ఆయన చెప్పింది ఒకటి, రిజిస్టరులో ఉన్నది ఇంకొకటి. రెండూ ఉంచాను. మీరూ దేన్నీ కొట్టేయకండి, దిద్దకండి. నార్‌ఫోక్‌లో వైమండమ్ అని రాసి విండమ్ అంటారు, హాపిస్‌బర్గ్ అని రాసి హేజ్‌బరో అంటారు. పలుకుబడి రాయకపోతే సగం పేరు పోయినట్టే.

ప్రభుత్వ మ్యాపులు తయారుచేసే ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళు ఏ పేరు ఎవరు ధ్రువీకరించారో పుస్తకాల్లో రాసుకునేవారు. ఇంగ్లండ్ కౌంటీలవి చాలావరకు 1940లో సౌతాంప్టన్ మీద బాంబులు పడ్డప్పుడు కాలిపోయాయి. అందుకే పెద్దవాళ్ళ మాట మరీ ముఖ్యం.

అర్థాల దగ్గర తొందరపడితే బోల్తా పడతారు. ‘హండ్రెడ్ ఏకర్’ అన్నది తరచూ బుల్లి పొలానికి సరదాగా పెట్టిన పేరు, విస్తీర్ణం గడి చూస్తే తెలిసిపోతుంది. ‘బోటనీ బే’ అంటే ఊరికి దూరంగా విసిరేసినట్టున్న పొలం. ఖైదీలను పంపాలనుకున్న ఆస్ట్రేలియా తీరానికి 1770లో పెట్టిన పేరది, కాబట్టి పొలం పేరు అంతకుముందుది కానే కాదు. ఊరి పేరైతే 1086 నాటి భూముల సర్వే పుస్తకం డూమ్స్‌డే బుక్‌లో స్పెల్లింగ్ వెతకండి. గ్రేట్ యార్మత్ దగ్గర ఫిల్బీ, హెమ్స్‌బీ లాంటి ‘బీ’తో ముగిసే ఊళ్ళు గుంపుగా ఉన్నది అక్కడ స్కాండినేవియా వాళ్ళు స్థిరపడినందుకే; వాళ్ళ భాషలో ‘బీ’ అంటే ఊరు.

రికార్డ్ ఆఫీసు ఎప్పుడైనా తెరుస్తారు. పెద్దవాళ్ళని ఈ వారమే కలవండి.