ఎయిర్ నౌరు, అవర్ ఎయిర్‌లైన్ వేర్వేరు కావండీ

ఎయిర్ నౌరు, అవర్ ఎయిర్‌లైన్, నౌరు ఎయిర్‌లైన్స్ అనేవి పసిఫిక్ సముద్రంలోని నౌరు అనే చిన్న దీవి దేశపు మూడు వేర్వేరు విమాన కంపెనీలా, 2005 తర్వాత మొదటిది ఏమైపోయింది అని అడిగారు కదా. మూడూ ఒకటేనండీ. మీ పట్టికలో ఒకే వరుసలో పెట్టి, పేరు మారిన ఏడు పక్కన రాసుకోండి: 1970లో ఎయిర్ నౌరు, 2006లో అవర్ ఎయిర్‌లైన్, 2014 నుంచి నౌరు ఎయిర్‌లైన్స్.

2005 సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఫాస్ఫేట్ (ఎరువుల తయారీకి వాడే ఖనిజం) తవ్వి అమ్మిన డబ్బు దండిగా ఉన్న రోజుల్లో, 21 చదరపు కిలోమీటర్ల నౌరు దీవి బోయింగ్ జెట్లను మెల్‌బోర్న్, హాంకాంగ్, హొనొలులు దాకా తిప్పింది. చాలా సీట్లు ఖాళీగానే వెళ్లేవి. ఖనిజం అడుగంటాక అప్పులు మిగిలాయి. ఆఖరికి ఉన్న ఒక్క బోయింగ్ 737 విమానాన్ని కూడా 2005 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో అమెరికా ఎగ్జిమ్ (ఎగుమతి-దిగుమతి) బ్యాంకు తరఫున స్వాధీనం చేసుకున్నారు. సొంత విమానం లేక నడిసముద్రంలో చిక్కుకున్న ఆ జనం ఎంత అవస్థ పడి ఉంటారో! మరుసటి ఏడాది తైవాన్ సాయంతో ఇంకో 737 వచ్చాకే మళ్లీ ఎగిరారు.

ఇప్పుడు విమానాలు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ స్థావరంగా నడుస్తాయి. అక్కణ్ణుంచి నౌరు, ఆపైన కిరిబాటిలోని తరావా, మార్షల్ దీవుల్లోని మజురో. సరుకు విమానాలూ ఉన్నాయి. నౌరులో విమానం దిగే వేళకు రన్‌వే దగ్గర రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు.