కువైట్ బావమరిది ఇవ్వొచ్చు, డల్లాస్ తమ్ముడు ఇవ్వకూడదు

అడిగిన ప్రశ్న: మా చిన్నాన్న కడపలో కార్పొరేటర్‌గా నిలబడాలనుకుంటున్నాడు. కువైట్‌లో, అమెరికాలో ఉన్న బంధువులు ప్రచారం ఖర్చుకు సాయం చేస్తామంటున్నారు. తీసుకోవచ్చా? వార్డు ఎన్నికలే కదా, ఇంత చిన్నవాటిని ఎవరు పట్టించుకుంటారు?

ముందు జవాబు చెప్పేస్తా. మీ బంధువు ఎక్కడ ఉంటున్నాడన్నది చట్టానికి పట్టదు, ఏ దేశం పాస్‌పోర్టు పట్టుకున్నాడన్నదే లెక్క. కువైట్‌లో ఇరవై ఏళ్లుగా ఉన్నా సరే, మన పాస్‌పోర్టే ఉంటే ఆయన జీతంలో మిగిల్చుకుని బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనిషి మీ వీధిలోనే పుట్టి పెరిగినా, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ఆయన ఇచ్చేది విదేశీ డబ్బే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 చెప్పేది ఇదే. అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది దీన్నే. ఎన్జీవోలకు సంబంధించిన చట్టం అనుకుంటారు గానీ, దాని 3వ సెక్షన్‌లో విదేశీ డబ్బు ముట్టుకోకూడని వాళ్ల జాబితాలో ముందు వరసలో ఉండేది ఎన్నికల అభ్యర్థే.

వార్డు ఎన్నికలకు ఇది వర్తిస్తుందా అంటే వర్తిస్తుంది. ఈ చట్టం చట్టసభ అని దేన్ని పిలుస్తుందో చూస్తే పార్లమెంటు, అసెంబ్లీలతో పాటు మున్సిపాలిటీ, పంచాయతీ కూడా అందులో ఉన్నాయి. అంటే మీ చిన్నాన్నకైనా, పల్లెలో సర్పంచ్‌కు నిలబడే మనిషికైనా, ఎంపీ అభ్యర్థికైనా ఒకటే నిషేధం.

ఇక నాకు ఇవన్నీ ఎట్లా తెలుసంటే, నేను కడపలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు రాసుకునేవాణ్ణి. 2021 మార్చి 10న జరిగిన కార్పొరేషన్ ఎన్నికల్లో మా మేనమామ నిలబడితే ఖర్చుల పుస్తకం నా చేతికిచ్చారు. ఆ ఎన్నికలది ఒక వింత. నామినేషన్లు 2020 మార్చిలోనే వేశారు, కరోనాతో ఆగిపోయాయి, ఏడాది తర్వాత ఉపసంహరణల దగ్గర నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఆ ఏడాదంతా మా మామ ప్రచారం లేని అభ్యర్థి. ఇంట్లో వాళ్లు ఆ సంగతే మర్చిపోయారు, ఆయనే రోజూ పొద్దున కారం దోశ తింటూ గుర్తు చేసేవాడు.

మళ్లీ ప్రచారం మొదలవగానే డబ్బు మాటలూ మొదలయ్యాయి. షామియానా, ఆటో మైకు, కరపత్రాలు, తిరిగే పిల్లోళ్లకు టిఫిన్లు. ఏదీ ఆగదు కదా. మొదట కువైట్ నుంచి మామ బావమరిది ఫోన్ చేశాడు. అక్కడ ఒక ఇంట్లో డ్రైవర్. కరోనాలో కొన్ని నెలలు సగం జీతంతో నెట్టుకొచ్చిన మనిషి, అయినా ముప్పై వేలు పంపుతానన్నాడు. పాస్‌పోర్టు మొదటి పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమన్నా. "నా మీదే నమ్మకం లేదా అల్లుడూ" అని నొచ్చుకున్నాడు. పంపినాడు గానీ మసక ఫొటో, పైన వేలు అడ్డం. మళ్లీ తీయించా. తర్వాత ఆయన పేరుతోనే, అక్కడి ఎక్స్‌చేంజ్ నుంచి నేరుగా మామ ఖాతాకు వేయించా. ప్రచారం కోసం మామ చేత విడిగా ఒక ఖాతా తెరిపించి ఉన్నా, అందులోకే. పుస్తకంలో పేరు, పాస్‌పోర్టు నంబరు, తేదీ, బ్యాంకు రిఫరెన్సు నంబరు నాలుగూ ఒకే వరసలో రాసుకున్నా.

డల్లాస్ నుంచి ఫోన్ రాత్రి పూట వచ్చింది. మామకు చిన్నాన్న కొడుకు, వరసకు తమ్ముడు. అమెరికా పౌరుడై చాలా ఏళ్లయింది. కువైట్ ఆయన కంటే పది రెట్లు ఇవ్వగలడు. కుదరదన్నాను. ఆయన వెంటనే దారి చెప్పాడు: "ఏం గాదులే అల్లుడూ, నెలనెలా మా అమ్మకు పంపుతానే ఉంటా గదా, ఈ నెల కాస్త ఎక్కువేస్తా, ఆమె తీసి మీ మామకిస్తాది. ఎవరడుగుతారు?" స్పీకర్ పెట్టి ఉండడంతో పక్కన మంచం మీద కూర్చున్న అవ్వ కూడా వింటోంది. కొడుకు డబ్బు తను తీసి ఇవ్వడంలో తప్పేముందో ఆమెకు అర్థం కాలేదు. ఆమెకేంటి, ఎవరికైనా అర్థం కాదు.

అయితే చట్టం సరిగ్గా ఈ దారినే మూసింది. విదేశీయుడి నుంచి వచ్చిన డబ్బును, అది అభ్యర్థికి చేరుతుందని తెలిసీ ఇంకొకరి చేతికి ఇవ్వడం కూడా నేరమే. అభ్యర్థి తరఫున తీసుకోవడమూ నేరమే. శిక్ష ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అది తీసుకున్నవాడికే కాదు, తీసుకోవడానికి సాయం చేసినవాళ్లకూ పడుతుంది. అంటే మామ, అవ్వ, పుస్తకం రాసే నేను, ముగ్గురం. ఆ మాట చెప్పాక అవ్వే ఫోన్ లాక్కుని "నాకొద్దు నాయనా నీ లెక్క" అంది. మా సీమలో డబ్బును లెక్క అనే అంటారు లెండి.

మీరు ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. చట్టంలో బంధువులకు ఒక మినహాయింపు ఉంది. అభ్యర్థి అయినా సరే, తన బంధువు విదేశీ పౌరుడైతే ఆయన నుంచి తీసుకోవచ్చు. కానీ బంధువు అంటే కంపెనీల చట్టంలో ఉన్న జాబితా ప్రకారమే: భార్య లేక భర్త, తల్లిదండ్రులు, కొడుకు, కూతురు, కోడలు, అల్లుడు, తోడబుట్టిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. ఉమ్మడి హిందూ కుటుంబం సభ్యులు కూడా వస్తారు. చిన్నాన్న కొడుకు, మేనమామ, బావమరిది, తోడల్లుడు ఇందులో లేరు. మన ఇళ్లల్లో పెళ్లికి పిలిచే వరసలన్నీ ఇక్కడ పనికిరావు. కాబట్టి మీ చిన్నాన్నకు అమెరికాలో సొంత తమ్ముడు గానీ, కూతురు గానీ ఉంటే ఆ సంగతి వేరు. వాళ్లు ఇవ్వొచ్చు. ఏడాదిలో అలా వచ్చింది 10 లక్షలు దాటితే మూడు నెలల్లోపు కేంద్ర హోం శాఖకు తెలపాలి. 2022 వరకూ ఆ హద్దు లక్షే ఉండేది. నన్నడిగితే, ఇది తీసుకున్నా రుజువులన్నీ దగ్గర పెట్టుకోండి. ఎవరో ఊరివాళ్లు ఇచ్చిన డబ్బు కూతురి పేరుతో వస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కువైట్ వైపు కూడా ఒక గుంత ఉంది. అక్కడ మన కడప, రాయచోటి, రాజంపేట వాళ్ల సంఘాలు చాలా ఉంటాయి. "సంఘం తరఫున అందరం తలాకొంత వేసి పంపుతాం" అంటారు. సభ్యులందరూ మన పాస్‌పోర్టు వాళ్లే అయినా, బయటి దేశంలో ఏర్పాటు చేసుకున్న సంఘం చట్టం దృష్టిలో విదేశీ మూలమే. సంఘం ఖాతా నుంచి వస్తే తీసుకోకండి. ఎవరిది వాళ్లు విడివిడిగా, వాళ్ల ఖాతాల నుంచి పంపితే ఇబ్బంది లేదు. హుండీ, అంటే బ్యాంకుతో పని లేకుండా ఏజెంట్ల ద్వారా పంపడం, దాని గురించి నేను చెప్పాల్సిన పనే లేదు. ఎవరు పంపారో రాసుకోవడానికి లేని డబ్బు అది, విదేశీ మారకద్రవ్యం మీదున్న ఫెమా చట్టం కింద అదో తప్పు మళ్లీ.

"నామినేషన్ వేయక ముందే పంపేస్తే?" అని మా డల్లాస్ ఆయన కూడా అడిగాడు. చట్టంలో అభ్యర్థి అంటే నామినేషన్ అయినవాడు అనే ఉంది, నిజమే. కానీ మీ చిన్నాన్నకు పార్టీలో ఏ పదవి ఉన్నా అప్పుడు కూడా నిషేధమే, ఎందుకంటే పార్టీ పదవిలో ఉన్నవాళ్లది అదే సెక్షన్‌లో ఇంకో వరస. పదవి లేకపోయినా, ఆ డబ్బు తర్వాత ఫ్లెక్సీల మీద కనిపిస్తే దాన్ని ఎట్లా సమర్థించుకుంటారో మీరే ఆలోచించండి. నేనైతే ఆ పుస్తకం మీద సంతకం పెట్టను.

అమెరికా వాళ్లకు ఈ మాట చెప్పడం అనుకున్నంత కష్టం కాదు, ఎందుకంటే అక్కడా ఇదే నియమం ఇంకాస్త గట్టిగా ఉంది. హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లు అక్కడ అధ్యక్ష ఎన్నికలకే కాదు, ఊరి స్కూల్ బోర్డుకు నిలబడ్డ మనిషికి కూడా పది డాలర్లు ఇవ్వకూడదు. అక్కడి కేంద్ర చట్టం రాష్ట్ర, స్థానిక ఎన్నికలను కూడా కలిపే నిషేధించింది. వర్క్ వీసా మీద న్యూయార్క్‌లో ఉన్న ఒక కెనడా లాయరు, ఇంకో డాక్టరు దాన్ని సవాలు చేస్తే 2012లో అక్కడి సుప్రీంకోర్టు కింది తీర్పునే ఖాయం చేసింది. గ్రీన్‌కార్డు వస్తే మాత్రం ఇవ్వొచ్చు. చూడండి తమాషా, గ్రీన్‌కార్డు ఉండి మన పాస్‌పోర్టు వదలని మనిషి అక్కడా ఇవ్వగలడు, ఇక్కడా ఇవ్వగలడు. పౌరసత్వం తీసుకున్న రోజున ఇక్కడి తలుపు మూసుకుంటుంది. ఒహాయో వాళ్లు ఉంటే మాత్రం జాగ్రత్త, 2024లో ఆ రాష్ట్రం గ్రీన్‌కార్డు వాళ్లను కూడా నిషేధంలోకి లాగుతూ చట్టం చేసింది, దాని మీద కోర్టుల్లో పోట్లాట నడిచింది. డల్లాస్ మామకు ఇదంతా చెబితే, హెచ్1బీలో ఉన్నప్పుడు తన మేనేజరు ఏదో ఎన్నికల విరాళాల విందుకు టికెట్ కొనమంటే ఆఫీసు లాయరు వద్దన్న సంగతి ఆయనకే గుర్తొచ్చింది. ఆ తర్వాత వాదించలేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఎవరు పట్టించుకుంటారు అన్నది. ఉన్నమాట చెప్పాలంటే, మా ఊళ్లో కార్పొరేటర్ అభ్యర్థి మీద ఈ చట్టం కింద కేసు పడడం నేను చూడలేదు. కోర్టు విచారణకు తీసుకోవాలన్నా ముందు కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. వార్డుల్లో అసలు డబ్బు విదేశాల నుంచి రాదు కూడా, అది ఇక్కడి కాంట్రాక్టర్ల నుంచి కవర్లలో వస్తుంది, దానికి పుస్తకం ఉండదు. ఆ సంగతి మీకూ నాకూ తెలిసిందే.

పెద్దవాళ్ల దగ్గరికొస్తే ఈ చట్టం ఎంత మెత్తబడిందో చూస్తే మంటెత్తుతుంది. బ్రిటన్‌కు చెందిన ఒక పెద్ద కంపెనీ ఇక్కడి అనుబంధ సంస్థల నుంచి కాంగ్రెస్, బీజేపీ విరాళాలు తీసుకున్నాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు రెండింటినీ తప్పుపట్టింది. ఆ కేసు వేసినవాళ్లలో ఎన్నికల్లో డబ్బు మీద నిఘా పెట్టే ఏడీఆర్ సంస్థతో పాటు మన తెలుగు మాజీ ఐఏఎస్ అధికారి ఈఏఎస్ శర్మ గారు కూడా ఉన్నారు. తర్వాత ఏమైంది? 2016 బడ్జెట్ చట్టంలో ఒక సవరణ పెట్టి, పరిమితికి లోబడి విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీ విదేశీ మూలం కాదు పొమ్మన్నారు, అదీ 2010 నుంచి వర్తించేటట్టు. అది చాలక 2018లో దాన్ని 1976 దాకా వెనక్కి జరిపారు, లోక్‌సభలో చర్చ లేకుండానే. పార్టీలకేమో నలభై ఏళ్ల వెనక్కి వెళ్లి మాఫీ, డల్లాస్ కొడుకు డబ్బు తీసిచ్చే అవ్వకేమో ఐదేళ్ల శిక్ష. నాకైతే ఇది న్యాయంగా అనిపించదు. అయినా నియమం తప్పని మాత్రం అనను. మా వార్డులో కాలువ ఎవరు తీయించాలో ఇక్కడ ఓటున్న వాళ్లే తేల్చుకోవాలి.

పైగా పట్టించుకునేవాళ్లు హోం శాఖలో లేకపోయినా మీ వీధిలో ఉంటారు. ఓడిపోయిన అభ్యర్థి మీ ఖర్చుల లెక్క నకలు తీయించుకుని కూర్చుంటాడు. ఫేస్‌బుక్‌లో "మా అన్న గెలుపుకు నా వంతు" అని డల్లాస్ నుంచి ఎవరో పోస్టు పెడితే చాలు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటారు. కాబట్టి మీ బంధువులకు ముందే చెప్పండి, ఇచ్చినా ఇవ్వకపోయినా అలాంటి గొప్పలు పోవద్దని.

ఒకవేళ మీ చిన్నాన్న గెలిస్తే ఈ నిషేధం అయిపోదు, కార్పొరేటర్‌గా ఉన్నన్నాళ్లూ ఉంటుంది. అమెరికా తెలుగు సంఘం ఏదైనా టికెట్ కొని, హోటల్ పెట్టి మహాసభలకు పిలిస్తే, వెళ్లడానికి ముందు హోం శాఖ అనుమతి తీసుకోవాలి. సొంత డబ్బుతో కూతురింటికి వెళ్లి రావడానికి అది అక్కర్లేదు. మీ బంధువుల్లో ఎవరిది ఏ దేశం పాస్‌పోర్టు, చిన్నాన్నకు ఏమవుతారు అన్నది రాసి పెట్టండి, ఒక్కొక్కరి గురించి నాకు తెలిసింది చెప్తా.