బొమ్మలు వేస్తుంటే చెయ్యి వణుకుతోంది.. మానేయాలా?

ప్రశ్న: నా వయసు 63 ఏళ్లు. చిన్నప్పుడు బొమ్మలంటే ప్రాణం. చదువు, ఉద్యోగం, సంసారంలో పడి కుంచె పక్కన పెట్టేశాను. పదవీ విరమణ తర్వాత మళ్లీ ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టాను. సన్నని గీత గీయబోతే చెయ్యి వణుకుతోంది. గంటసేపు కూర్చుంటే మెడ పట్టేస్తోంది. బొమ్మల్లో నీలం మరీ ఎక్కువైందని ఇంట్లోవాళ్లు అంటున్నారు, నాకేమో సరిగ్గానే కనిపిస్తోంది. పార్కిన్సన్స్ ఏమోనని భయంగా ఉంది. బొమ్మలు వేయడం మానేయాలా?

జవాబు: మానేయకండి. ఇన్నేళ్ల తర్వాత మీరు మళ్లీ కుంచె పట్టుకోవడం నాకెంతో సంతోషం కలిగించింది. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ కారణాలు వెతకవచ్చు, చాలావరకు సరిచేయనూవచ్చు. వయసు మీద పడింది కదా అని వదిలేస్తే మాత్రం ఆ అవకాశం పోతుంది.

ముందుగా మిమ్మల్ని భయపెడుతున్న వణుకు సంగతి చూద్దాం. పార్కిన్సన్స్‌లో వణుకు సాధారణంగా చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకుని ఉన్నప్పుడు, అదీ మొదట ఒకవైపే కనిపిస్తుంది. దాంతోపాటు కదలికలు నెమ్మదించడం, చేతిరాత రానురాను చిన్నదైపోవడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి సరిగా ఊగకపోవడం వంటివి ఉంటాయి. మీకు గీత గీయబోయినప్పుడే వణుకు వస్తోందంటే, అది ‘ఎసెన్షియల్ ట్రెమర్’ అనే వేరే సమస్య అయ్యే అవకాశం ఎక్కువ. ఇది ఏదైనా పట్టుకున్నప్పుడు, పని చేస్తున్నప్పుడు బయటపడుతుంది. నీళ్లు నిండుగా ఉన్న గ్లాసు ఎత్తినప్పుడు తొణుకుతుంది, కాగితం మీద సుడిలా గీత గీస్తే అంచులు రంపపు పళ్లలా వస్తాయి. చాలామందిలో తల్లిదండ్రులకో తోబుట్టువులకో కూడా ఈ వణుకు ఉంటుంది. థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, ఉబ్బసానికి వాడే కొన్ని మందులు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ వంటివి కూడా చేతుల్ని వణికిస్తాయి. కాఫీ, నిద్రలేమి, ఆందోళన ఆ వణుకును పెంచుతాయి. కాబట్టి న్యూరాలజిస్టును కలిసి పరీక్ష చేయించుకోండి, థైరాయిడ్ రక్తపరీక్ష కూడా అవసరమవుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ అని తేలితే ప్రొప్రనలాల్ వంటి మందులు చాలామందికి ఉపయోగపడతాయి. అయితే ఉబ్బసం ఉన్నవాళ్లకూ, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకూ అది పడదు కనుక సొంతంగా వాడకండి.

ఈలోగా లావుపాటి పిడి ఉన్న కుంచె తీసుకోండి. మోచేతిని బల్లకు ఆనించి, గీతను వేళ్లతో కాకుండా ముంజేతినంతటినీ కదుపుతూ గీస్తే వణుకు అంతగా తెలియదు. కాన్వాసుకు అడ్డంగా ఒక కర్ర పట్టుకుని, దానిమీద మణికట్టు ఆనించి సన్నని పని చేయడం చిత్రకారులు ఎప్పటి నుంచో పాటిస్తున్న పద్ధతే.

నీలం విషయంలో నాకు శుక్లాల మీద అనుమానం ఉంది. శుక్లం ముదిరేకొద్దీ కంటిలోని కటకం పసుపుపచ్చగా మారి నీలికాంతిని అడ్డుకుంటుంది. అందుకే మీకు సరిపోయిందనిపించిన నీలం ఇతరులకు ఎక్కువగా కనిపిస్తూ ఉండవచ్చు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకు 1912లో శుక్లాలున్నట్టు తేలింది. ఆ తర్వాతి బొమ్మల్లో ఎరుపు, గోధుమ రంగులు బాగా పెరిగాయి. ట్యూబుల మీది పేర్లు చూసి రంగులు ఎంచుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. చివరకు 1923లో, 82 ఏళ్ల వయసులో కుడికంటికి ఆపరేషన్ చేయించుకుని మళ్లీ బొమ్మలు వేశాడు. ఇప్పుడు ఆ ఆపరేషన్ చాలా తేలికైంది. కంటి డాక్టరును కలిసినప్పుడు ‘నేను బొమ్మలు వేస్తాను’ అని తప్పక చెప్పండి.

మెడనొప్పికి మూలం మీ కళ్లజోడులోనే ఉండవచ్చు. చదువుకునే అద్దాలు దాదాపు 40 సెంటీమీటర్ల దూరానికి ఇస్తారు, కాన్వాసు అంతకన్నా దూరంగా ఉంటుంది. అది స్పష్టంగా కనిపించడానికి మీరు తెలియకుండానే ముందుకు వంగుతారు. పైభాగం దూరానికి, కింది భాగం దగ్గరికి పనికొచ్చే ప్రోగ్రెసివ్ అద్దాలైతే ఆ కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతారు. మీ కంటికీ కాన్వాసుకూ మధ్య దూరం టేపుతో కొలిచి, ఆ దూరానికి వేరే జోడు రాయించుకోండి. బొమ్మ మధ్యభాగం కళ్లకు ఎదురుగా ఉండేలా స్టాండు అమర్చుకుని, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

ఆయిల్ రంగులతో టర్పెంటైన్ వాడుతుంటే కిటికీలు తెరిచి ఉంచండి. దాని ఆవిరితో తలనొప్పి, తలతిరుగుడు వస్తాయి. కొన్ని రంగుల్లో సీసం, కాడ్మియం వంటి లోహాలు ఉంటాయి కాబట్టి కుంచె మొన నోట్లో పెట్టి సన్నం చేసుకునే అలవాటుంటే వెంటనే మానుకోండి.

వణుకు ఉన్నట్టుండి ఎక్కువైనా, ఒకవైపు చెయ్యి లేదా కాలు బలహీనపడినా, మాట తడబడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అలాంటివేమీ లేకపోతే నెమ్మదిగానే చూపించుకోవచ్చు. వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఈమధ్య వేసిన రెండు మూడు బొమ్మలు వెంట తీసుకెళ్లండి. ఆ గీతలు చూస్తే మీ వణుకు ఎలాంటిదో డాక్టరుకు చాలావరకు తెలిసిపోతుంది.