బాబుకు మైటోకాండ్రియా జబ్బా? అది నా నుంచే వచ్చిందా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. నాలుగు మెట్లెక్కేసరికి కాళ్లు లాగుతున్నాయని కూర్చుండిపోతాడు. సాయంత్రమయ్యేసరికి ఎడమ కనురెప్ప వాలిపోతుంది. రక్తపరీక్షలో లాక్టేట్ ఎక్కువగా ఉందని, మైటోకాండ్రియా జబ్బు కావచ్చని డాక్టర్ గారు జన్యుపరీక్ష రాశారు. ‘అది తల్లి నుంచే వస్తుందట’ అని ఇంట్లో అప్పుడే మొదలుపెట్టారు. మైటోకాండ్రియా అంటే ఏమిటి? నిజంగా నా వల్లేనా? రెండో బిడ్డ గురించి ఆలోచించవచ్చా? – ఒక తల్లి

జవాబు: రిపోర్టు రాకముందే మీ ఇంట్లో తీర్పు వచ్చేసినట్టుందమ్మా. జబ్బు ఏదో ఇంకా తేలనే లేదు. ముందు ఆ లాక్టేట్ సంగతి చూద్దాం.

ఆరేళ్ల పిల్లాడి చేతికి రబ్బరు పట్టీ బిగించి, ఇద్దరు గట్టిగా పట్టుకుని, వాడు గింజుకుంటూ ఏడుస్తుంటే తీసిన రక్తంలో లాక్టేట్ పెరిగే ఉంటుంది. ట్యూబును బల్ల మీద వదిలేస్తే ఇంకా పెరుగుతుంది. కారణం కణంలోనే ఉంది. ప్రతి కణం చుట్టూ కొవ్వుతో చేసిన పలుచని పొర ఉంటుంది, అదే కణత్వచం. అందులో అక్కడక్కడా ప్రోటీన్లు తలుపుల్లా అమరి ఉంటాయి. గ్లూకోజ్ ఆ దారిలోనే లోపలికి వస్తుంది. లోపలున్న కణద్రవ్యంలో అది రెండు ముక్కలవుతుంది. అక్కడ మిగిలే లాభం రెండే రెండు ఏటీపీలు. కణం ఖర్చుపెట్టుకునే శక్తి ఈ ఏటీపీ రూపంలోనే ఉంటుంది. ఆ ముక్కలు మైటోకాండ్రియాలోకి వెళ్లి ఆక్సిజన్ సాయంతో పూర్తిగా కరిగితే లెక్క 30 దాకా వెళ్తుంది. స్కూల్లో ‘కణ శక్త్యాగారాలు’ అని బట్టీ పట్టించింది వీటి గురించే. మైటోకాండ్రియా మొరాయిస్తే, లేదా ఆక్సిజన్ చాలకపోతే, ముక్కలు బయటే లాక్టేట్‌గా మిగిలిపోతాయి. ఎర్ర రక్తకణానికైతే కేంద్రకమూ లేదు, మైటోకాండ్రియా కూడా లేవు. ట్యూబులో ఉన్నా అది గ్లూకోజ్‌ను లాక్టేట్‌గా మారుస్తూనే ఉంటుంది. కాబట్టి పట్టీ లేకుండా, బాబు కుదుటపడ్డాక రక్తం తీసి, ఐస్‌లో పెట్టి వెంటనే ల్యాబుకు పంపిస్తే ఆ అంకెను నమ్మవచ్చు. మొదటిసారి ఎలా తీశారో అడగండి, అవసరమైతే మళ్లీ చేయించండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘సాయంత్రమయ్యేసరికి’. పొద్దున బాగుండి, అలసటతో వాలే కనురెప్ప అనగానే నాకు ముందు మయస్తీనియా గుర్తొస్తుంది. అక్కడ గొడవ మైటోకాండ్రియాలో కాదు, కండర కణం పైపొరలో ఉంటుంది. నరం పంపే సందేశాన్ని అందుకునే ప్రోటీన్లు ఆ పొర మీదే ఉంటాయి. శరీరం తయారుచేసిన యాంటీబాడీలు వాటినే దెబ్బతీస్తాయి. పుట్టుకతో వచ్చే రకాలు కూడా ఉన్నాయి. చాలామందికి మందులతో బాగా గుణం కనిపించే జబ్బిది. యాంటీబాడీ పరీక్ష, నరానికి వరుసగా చిన్న కరెంటు ఇచ్చి కండరం స్పందన చూసే పరీక్ష చేశారో లేదో కనుక్కోండి.

మెట్లెక్కలేకపోవడానికి లైసోజోమ్ కూడా కారణం కావచ్చు. లైసోజోములు కణంలో పాతబడినవాటిని అరగదీసే సంచులు. 1955లో క్రిస్టియన్ డి డ్యూవ్ వీటిని గుర్తించాడు. అందులో ఒక ఎంజైము లోపిస్తే, కణం దాచుకున్న చక్కెర నిల్వ అయిన గ్లైకోజెన్ అరగక పేరుకుపోయి కండరాలు నీరసిస్తాయి. దీన్ని పాంపే జబ్బు అంటారు. కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కతోనే తొలి పరీక్ష చేయవచ్చు. లేని ఎంజైమును సెలైన్‌లా ఎక్కించే చికిత్స ఉంది. మీ బాబుకు అవకాశం తక్కువే కావచ్చు కానీ, చికిత్స ఉన్న జబ్బును చూడకుండా వదిలేయకూడదు.

ఇక మిమ్మల్ని తినేస్తున్న ప్రశ్న. ‘తల్లి నుంచే’ అన్నమాటలో కొంత నిజం ఉంది, అందుకే అది అంత సులువుగా వ్యాపిస్తుంది. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది, అది తల్లి అండం నుంచే బిడ్డకు వస్తుంది. కానీ దానిలో ఉన్న జన్యువులు 37. వాటి నుంచి తయారయ్యే ప్రోటీన్లు 13. మైటోకాండ్రియా నడవడానికి కావలసిన ప్రోటీన్లేమో వెయ్యికి పైనే! మిగతావాటి వివరమంతా కేంద్రకంలోని 46 క్రోమోజోముల్లో ఉంటుంది. వాటిలో సగం మీవి, సగం మీవారివి. కేంద్రకంలో నకలు తీసిన ఆదేశం బయటికొస్తే, రైబోజోములు దాన్ని చదివి ప్రోటీన్ అల్లుతాయి. తర్వాత అది మైటోకాండ్రియాకు చేరుతుంది. చిన్నపిల్లల్లో వచ్చే మైటోకాండ్రియా జబ్బుల్లో ఎక్కువ భాగం ఈ కేంద్రక జన్యువుల లోపాలే. అప్పుడు సాధారణంగా తల్లిదండ్రులిద్దరిలోనూ ఒక్కో లోపం దాగి ఉంటుంది, ఇద్దరికీ ఏ బాధా ఉండదు.

ఇంకో రకం ఉంది. మైటోకాండ్రియా డీఎన్ఏలో పెద్ద ముక్కే ఎగిరిపోతుంది. కనురెప్పలు వాలడం అందులో బాగా కనిపిస్తుంది. అయితే ఇది చాలావరకు బిడ్డలో కొత్తగా జరిగేదే, తల్లిలో ఉండదు. కొన్నిసార్లు రక్తంలో దొరకదు, మూత్రంలోనో కండరం ముక్కలోనో వెతకాలి. రక్తం రిపోర్టు నార్మల్ వచ్చినంత మాత్రాన పరీక్షలు ఆపేయకండి. ఒకవేళ నిజంగానే మీ నుంచి వచ్చిందని తేలినా, అండంలో ఏముండాలో ఎవరైనా ఎంచుకుంటారా? ఆ మాట అన్నవాళ్లను మీరే అడగండి.

జబ్బు తేలేవరకు కొన్ని జాగ్రత్తలు. బాబును ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకండి. జ్వరమో వాంతులో వచ్చి తిండి మానేస్తే, ఒకట్రెండు రోజులు చూద్దామనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే అది ఎమర్జెన్సీ. ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, మత్తుమందు వీటిలో ఏది ఇవ్వాల్సి వచ్చినా ముందే ఈ అనుమానం గురించి చెప్పండి. ఈసీజీ ఒకటి, కంటి డాక్టర్ దగ్గర రెటీనా పరీక్ష ఒకటి చేయించండి. ‘కణశక్తి పెంచే’ పొడులు, మాత్రలు మీ అంతట మీరు కొనొద్దు. కోఎంజైమ్ క్యూ10 లోపం ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ మందు నిజంగా పనిచేస్తుంది, కానీ ఆ లోపం ఉందో లేదో పరీక్షే చెప్పాలి.

రెండో బిడ్డ విషయంలో రిపోర్టు వచ్చేదాకా ఆగండి. ఇద్దరిలోనూ ఒకే కేంద్రక జన్యువు లోపం ఉంటే ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం, దాన్ని గర్భంలోనే పరీక్షించి తెలుసుకోవచ్చు. కొత్తగా ముక్క ఎగిరిపోయిన రకమైతే ముప్పు చాలా తక్కువ. మీ మైటోకాండ్రియా నుంచే అయితే మీ మైటోకాండ్రియా డీఎన్ఏలో ఎంత శాతానికి ఆ లోపం ఉందో చూసి మాట్లాడాలి. జెనెటిక్ కౌన్సెలింగ్‌కు మాత్రం మీరొక్కరే వెళ్లకండి, మీవారిని కూడా తీసుకెళ్లండి. బాబు రిపోర్టును సరిగ్గా చదవాలంటే ఆయన రక్తం కూడా కావాలి.