డాలస్‌లో ఏ స్కూల్ డిస్ట్రిక్ట్? స్కోర్లలో ఏ వరుస చదవాలి?

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి డాలస్‌కి మారుతున్నాం. ఆగస్టులో పాప తొమ్మిదో గ్రేడ్‌కి, బాబు మూడో గ్రేడ్‌కి వస్తారు. ఫ్రిస్కో, కాపెల్, ప్లేనో అనుకుంటున్నాం. తెలిసినవాళ్లంతా గ్రేట్‌స్కూల్స్ (బడులకి పదికి ఇన్ని అని మార్కులిచ్చే వెబ్‌సైట్) రేటింగు తొమ్మిదో పదో ఉన్నచోటే ఇల్లు చూసుకోమంటున్నారు. అక్కడ అద్దెలు చాలా ఎక్కువ. తీరా రాష్ట్రం ఇచ్చిన స్కోర్లు చూస్తే డిస్ట్రిక్టుల మధ్య తేడా రెండు మూడు పాయింట్లే. దేన్ని నమ్మాలి? పాపకి యూటీ ఆస్టిన్‌లో (ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ) కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది.

జవాబు: మీ ఇద్దరు పిల్లలకీ ఒకే లెక్క పనికిరాదు. బాబు విషయంలో చూడాల్సింది ఆ బడిలో పిల్లలు ఏటా ఎంత ముందుకెళ్తున్నారన్నది. పాప విషయంలో హైస్కూల్లో ఏ కోర్సులున్నాయి, క్లాసులో ర్యాంకు ఎలా కడతారు అన్నది. డిస్ట్రిక్ట్ సగటు స్కోరు ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. ఆ చుట్టుపక్కల ఎలాంటి కుటుంబాలు కాపురం ఉంటున్నాయో మాత్రం బాగా చెబుతుంది.

అన్నిటికంటే ముందు అడ్రస్. టెక్సాస్‌లో ఊరి హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు వేరు. ఫ్రిస్కో ఊళ్లో ఇల్లు తీసుకున్నా అది ఫ్రిస్కో ఐఎస్‌డీలో (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్, ఆ ప్రాంతం ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) కాక ప్రాస్పర్, లూయిస్‌విల్ లేదా లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీలో పడొచ్చు. ప్లేనో, మెకిన్నీ ఊళ్లలోని కొన్ని ఇళ్లు ఫ్రిస్కో ఐఎస్‌డీకి వస్తాయి. ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో కొంత భాగం కాపెల్ ఐఎస్‌డీ కింద ఉంటుంది. ఇంటి ప్రకటనలో రాసింది, బ్రోకర్ నోటిమాటగా చెప్పింది లెక్కలోకి తీసుకోకండి. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరుతో సహా అడ్రస్ కొడితే ఎలిమెంటరీ, మిడిల్, హైస్కూల్ మూడూ వస్తాయి. ఇక మీరు పోల్చాల్సింది ఆ మూడు క్యాంపస్‌లనే.

స్కోర్ల కోసం రాష్ట్రం ఏటా ఇచ్చే టీఏపీఆర్ అనే నివేదిక తీయండి. టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ సైట్‌లో ప్రతి క్యాంపస్‌కీ విడిగా ఉంటుంది. రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష ఫలితాల్లో మూడు మెట్లు కనిపిస్తాయి: అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. అప్రోచెస్ అంటే గట్టెక్కినట్టే, మీట్స్ అంటే ఆ గ్రేడు స్థాయి అందుకున్నట్టు, మాస్టర్స్ అంటే దాన్ని దాటినట్టు. మీరు చూస్తున్న డిస్ట్రిక్టుల్లో అప్రోచెస్ మెట్టు దాదాపు అందరూ దాటేస్తారు, అందుకే తేడాలు రెండు మూడు పాయింట్ల దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తాయి. మీట్స్, మాస్టర్స్ వరుసలకి వెళ్లండి, అసలు తేడా అక్కడ తెలుస్తుంది.

తర్వాత "ఆల్ స్టూడెంట్స్" అన్న మొత్తం అంకె వదిలేసి, ఒకే రకం పిల్లల్ని పక్కపక్కన పెట్టండి. ఎందుకో ఒక ఊహాలెక్కతో చూద్దాం. మొదటి డిస్ట్రిక్టులో పేద కుటుంబాల పిల్లలు 10 శాతం, రెండోదాంట్లో 50 శాతం. మొదటిదాంట్లో పేద పిల్లల్లో 50 శాతం, మిగతావాళ్లలో 80 శాతం మీట్స్ దాటారు. రెండోదాంట్లో 56, 84. అంటే రెండు రకాల పిల్లలకీ రెండో డిస్ట్రిక్టే మెరుగు. కానీ మొత్తం కడితే మొదటిదానికి 77, రెండోదానికి 70 వస్తుంది. రేటింగు చూసి ఇల్లు తీసుకున్నవాళ్లు మొదటిదానికే పోతారు, అద్దె కూడా అక్కడే ఎక్కువ కడతారు. టీఏపీఆర్‌లో ఆర్థికంగా వెనుకబడినవాళ్లు, ఆసియన్లు, ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్లు, ఇలా విడివిడి గడులుంటాయి. నక్షత్రం గుర్తు ఉన్న గడిని సున్నా అనుకోకండి. ఆ గుంపులో పిల్లలు మరీ తక్కువమంది ఉంటే గోప్యత కోసం అంకె దాస్తారు.

ఆసియన్ గడి చదివేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. మనవాళ్లు ఎక్కువున్నచోట ఆ అంకెలో కుమాన్ ట్యూషన్ ఫీజులు, శనివారం లెక్కల క్లాసులు కూడా కలిసుంటాయి. ఆ పేరంతా బడి ఖాతాలో వేయడం సరికాదు.

ఒక్క ఏడాది అంకెతో నిర్ణయానికి రావద్దు. మూడో గ్రేడ్‌లో 80 మంది ఉంటే ఒక్కో పిల్లాడి విలువ 1.25 పాయింట్లు. 80 శాతం వచ్చిన బడికి, చదువు చెప్పే తీరు ఏమాత్రం మారకపోయినా, కేవలం ఆ ఏడు ఎవరు చేరారన్నదాన్ని బట్టి స్కోరు అటూ ఇటూ 9 పాయింట్ల దాకా ఊగొచ్చు. మూడేళ్లు కలిపితే ఆ ఊపు 5 పాయింట్లకి తగ్గుతుంది. కాబట్టి రెండు క్యాంపస్‌ల మధ్య మూడేళ్ల సగటులో నాలుగైదు పాయింట్ల తేడా ఉంటే రెండూ సమానమనే అనుకోండి. వెనక్కి మరీ దూరం మాత్రం వెళ్లొద్దు. 2020లో పరీక్షే జరగలేదు, 2023లో పరీక్ష స్వరూపం మారింది. 2027-28 నుంచి స్టార్ స్థానంలో ఏడాదికి మూడు చిన్న పరీక్షలు పెట్టాలని చట్టం చేశారు, అప్పుడు పాత అంకెలతో పోలిక మళ్లీ తెగుతుంది.

రాష్ట్రం ఇచ్చే ఏ, బీ, సీ గ్రేడుల సంగతి. విద్యార్థుల ఫలితాలు, ప్రగతి అనే రెండింటిలో ఏది మెరుగైతే దానికి 70 శాతం, వెనుకబడిన గుంపుల అంతరం తగ్గించినందుకు 30 శాతం. అంటే రెండు బడులకి "ఏ" గ్రేడు వచ్చినా ఒకదానికి ఫలితాల వల్ల, ఇంకోదానికి ప్రగతి వల్ల వచ్చి ఉండొచ్చు. గ్రేడు కింద ఉన్న విడి భాగాలు తెరిచి చూడండి. 2022లో "ఏ" ఉండి 2023లో "బీ" అయిందని కంగారుపడకండి. కాలేజీకి, ఉద్యోగానికి సిద్ధమైన విద్యార్థుల శాతం మీద "ఏ" గ్రేడు హద్దును 60 నుంచి ఒక్కసారిగా 88కి పెంచారు. డిస్ట్రిక్టులు కోర్టుకెక్కడంతో 2023 గ్రేడులు 2025 ఏప్రిల్‌లో గానీ బయటికి రాలేదు.

బాబు కోసం ఆ ప్రగతి భాగమే ముఖ్యం. అదే పిల్లాడు పోయినేడు ఏ మెట్టు మీద ఉన్నాడు, ఈ ఏడు ఎక్కడున్నాడు అన్నది అందులో లెక్క. ఒక చిక్కుంది. స్టార్ మూడో గ్రేడ్‌లోనే మొదలవుతుంది, కాబట్టి ఎలిమెంటరీలో ప్రగతి కొలిచేది నాలుగు, ఐదు గ్రేడులకే. పైగా మాస్టర్స్‌లో ఉన్నవాడు అక్కడే నిలిస్తే పూర్తి పాయింటు ఇచ్చేస్తారు. అందరూ పైమెట్టు మీదే ఉన్న బడుల్లో ఈ అంకె తేడా పట్టించదు. డిస్ట్రిక్టుల స్థాయిలో చూడాలంటే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఉచితంగా పెట్టిన డేటా ఉంది. మూడు నుంచి ఎనిమిదో గ్రేడు దాకా ఏ డిస్ట్రిక్ట్ పిల్లలు ఏడాదిలో ఎంత నేర్చుకుంటున్నారో చూపిస్తుంది. అందులో సగటు స్కోరు కుటుంబాల ఆర్థిక స్థితిని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. నేర్చుకునే వేగానికి ఆ ముడి చాలా తక్కువ. 2009-14 మధ్య షికాగో పిల్లలు మూడో గ్రేడ్‌లో దేశ సగటుకి బాగా కింద ఉన్నారు, కానీ తర్వాతి ఐదేళ్లలో ఆరేళ్ల చదువు నేర్చుకున్నారని తేలింది ఈ డేటాతోనే.

న్యూజెర్సీ స్కోర్లని టెక్సాస్ స్కోర్లతో పోల్చే ఆలోచన ఉంటే మానుకోండి. రెండు చోట్లా "మీట్స్" అన్న మాట ఉన్నా పరీక్ష వేరు, హద్దు వేరు. రెండు రాష్ట్రాలకీ ఉమ్మడి పరీక్ష ఎన్‌ఏఈపీ (దేశమంతటా కొంతమంది పిల్లలకి నమూనాగా పెట్టే పరీక్ష) ఒక్కటే. అది రాష్ట్రాలకీ, డాలస్, ఫోర్ట్‌వర్త్ లాంటి కొన్ని పెద్ద నగర డిస్ట్రిక్టులకీ తప్ప ఫ్రిస్కో, కాపెల్‌లకి విడిగా ఫలితాలివ్వదు. రాష్ట్రాల పరీక్షలను ఎన్‌ఏఈపీ ఆధారంగా ఒకే కొలబద్ద మీదికి తెచ్చింది పైన చెప్పిన స్టాన్‌ఫర్డ్ డేటానే.

ఇక పాప. ముందు ఒక ఉచ్చు గురించి చెప్పాలి. బలంగా చదివే పిల్లలు ఎనిమిదిలో, కొందరు ఏడులోనే ఆల్జీబ్రా వన్ పూర్తిచేసి, ఆ కోర్సు పరీక్షే రాస్తారు. అందువల్ల మంచి మిడిల్ స్కూళ్లలో ఎనిమిదో గ్రేడ్ లెక్కల స్కోరు తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే అది రాసేది మిగిలినవాళ్లు. హైస్కూల్లో ఆల్జీబ్రా వన్ స్కోరుదీ అదే కథ. ఈ రెండు అంకెలు చూసి మంచి బడిని జాబితాలోంచి కొట్టేస్తారు చాలామంది. ప్లేనోలో ఇంకో మెలిక: చాలాకాలంగా 9, 10 గ్రేడులు ఒక క్యాంపస్‌లో, 11, 12 సీనియర్ హైస్కూల్లో. ఇంగ్లిష్, బయాలజీ స్టార్ ఫలితాలు మొదటిదాని నివేదికలో ఉంటే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు), శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) అంకెలు రెండోదాంట్లో ఉంటాయి. రెండూ తీసి చదవాలి. కాపెల్‌లో తొమ్మిదో గ్రేడ్‌కి విడి క్యాంపస్ ఉంది.

ఏపీలో ఎప్పుడూ రెండు అంకెలు కలిపి చూడండి: ఎంతమంది రాశారు, రాసినవాళ్లలో ఎంతమందికి ఐదుకి 3 లేదా పైన వచ్చింది. 30 శాతం మంది రాసి వాళ్లలో 90 శాతం పాసైతే, మొత్తం విద్యార్థుల్లో 27 శాతం. 70 శాతం రాసి 65 శాతం పాసైతే 45 పైమాటే. "మా ఏపీ పాస్ రేటు 90" అన్న బడి మొదటిది. ఎంసెట్ ఫలితాల రోజు పేపర్లో ర్యాంకుల ఫొటోలు వేసి, రాయించింది ఎందరినో చెప్పని కాలేజీ ప్రకటన లాంటిదే ఇది.

ర్యాంకు దగ్గర డబ్బు లెక్క తారుమారవుతుంది. యూటీ ఆస్టిన్ 2026 ఫాల్ అడ్మిషన్ల నుంచి టెక్సాస్ హైస్కూళ్లలో పై 5 శాతం విద్యార్థులకే ఆటోమేటిక్ సీటు ఇస్తోంది, అంతకు ముందు 6 శాతం. క్లాసులో 500 మంది ఉంటే 25 మంది. ఆ 5 శాతం కట్టేది పాప చదివే హైస్కూల్లో, రాష్ట్రమంతా కాదు. రేటింగు పది ఉన్న బడిలో, అందరూ ఏపీలు గుప్పించే క్లాసులో, ఆ 25లోకి రావడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. అలాగని ర్యాంకు కోసం పాపని బలహీనమైన బడిలో వేయమని అనను. ఆటోమేటిక్ సీటు యూనివర్సిటీకే వస్తుంది, కంప్యూటర్ సైన్స్‌కి రాదు. ఆ మేజర్‌కి ఏయే కోర్సులు చదివింది, ఏం చేసింది అన్నవి విడిగా చూస్తారు. కాల్క్యులస్, ఏపీ కంప్యూటర్ సైన్స్ "ఏ", ఫిజిక్స్ ఏటా నడిపే హైస్కూలైతే, రేటింగు ఏడున్నా సరే, నా ఓటు దానికే. ఇంకో దారీ ఉంది. యూటీ డాలస్, టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లలో పై 10 శాతంలో ఉంటే ఆటోమేటిక్ సీటు వస్తుంది.

టీచర్ల విషయంలో విద్యార్థి-టీచర్ నిష్పత్తి కాకుండా సబ్జెక్టువారీ క్లాసు సైజు, టీచర్లు ఏటా మానేసే శాతం చూడండి. రెండూ టీఏపీఆర్‌లోనే ఉంటాయి, మానేసే శాతం మాత్రం డిస్ట్రిక్ట్ నివేదికలో.

చివరగా, ఇల్లు ఖాయం చేసుకోబోయే ముందు డిస్ట్రిక్ట్ ఆఫీసుకీ, ఆ హైస్కూల్ కౌన్సెలర్‌కీ ఈమెయిల్ పెట్టి ఇవి అడగండి. ఈ అడ్రస్‌కి వచ్చే రెండేళ్లలో జోన్ మార్చే ప్రతిపాదన ఉందా? ఈ ఎలిమెంటరీని మూసే చర్చ జరుగుతోందా? పిల్లలు తగ్గి ఈ ప్రాంతంలో మంచి డిస్ట్రిక్టులు కూడా బడులు మూస్తున్నాయి. పాప ఎనిమిదిలో న్యూజెర్సీలో చేసిన ఆల్జీబ్రాకి హైస్కూల్ క్రెడిట్ వస్తుందా, వస్తే అది జీపీఏలో, ర్యాంకులో కలుస్తుందా? బయటి రాష్ట్రం నుంచి వచ్చిన ఆనర్స్ కోర్సుకి ఇక్కడ వెయిటేజీ ఎంత? ఈ నియమాలు ఒక్కో డిస్ట్రిక్టుకి ఒక్కోలా ఉంటాయి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. వేసవిలో ఆఫీసులు సగం ఖాళీగా ఉంటాయి, మే నెలలోనే రాయండి.