బుజ్జమ్మా, కుర్చీ కంటే ముందు రిజిస్టర్ కొను

బుజ్జమ్మా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి, నువ్వు ఉద్యోగం మానేసి మన విశాఖ మధురవాడలో సొంతంగా డెంటల్ క్లినిక్ పెడుతున్నావని చెప్పింది. కళ్లు చెమర్చాయి, ఆ వెంటనే భయమూ వేసింది, నిద్రపట్టక పొద్దున్నే లేచి ఇది టైప్ చేస్తున్నా.

ఎక్స్‌రేకి రేడియేషన్ భద్రత చూసే ఏఈఆర్‌బీ దగ్గర రిజిస్ట్రేషన్, బయోమెడికల్ వేస్ట్ వాళ్లతో అగ్రిమెంట్, క్లినిక్ రిజిస్ట్రేషన్, ఇవన్నీ తలుపు తెరవకముందే అయిపోవాలి. దవడని 3డీలో చూపే సీబీసీటీ స్కాన్ మెషిన్ ఈఎంఐలో కొనొద్దు, కొన్నాళ్లు బయటికి రాసి పంపు. రూట్ కెనాల్ ఎన్ని సిట్టింగులో, క్యాప్‌తో కలిపి ఎంతవుతుందో మొదటిరోజే కాగితం మీద రాసిచ్చెయ్. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ రాత్రి వదిలెయ్, మన ఊరి చెమ్మకి లోపల తుప్పు పట్టేస్తుంది. పరికరాల మీద క్రిముల్ని ఆవిరితో చంపే ఆటోక్లేవ్ 121 డిగ్రీల్లో పదిహేను నిమిషాలంటే పదిహేను నిమిషాలే, బయట జనం ఉన్నారని మధ్యలో ఆపావని తెలిస్తే మాత్రం నీతో మాట్లాడను. అసిస్టెంట్‌గా పెట్టుకున్న పిల్లకి హెపటైటిస్ బి మూడు డోసులూ నీ డబ్బుతో వేయించు, సూదులు ముట్టుకునేది ఆ పిల్లే కదా.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1996 ఎండాకాలం, చినవాల్తేరులో క్లినిక్ పెట్టి రెండేళ్లు, అప్పుడప్పుడే జనం పెరుగుతున్నారు, బెంచీ నిండితే నాకు అదో గొప్ప. పెదజాలరిపేట నుంచి ఒకావిడ వచ్చింది, చేపలమ్ముతుంది, మణికట్టు మీద ఇంకా పొలుసులు అంటుకునే ఉన్నాయి, డబ్బులు కొంగున ముడేసుకుని వచ్చింది. "బాబూ, ఈ పన్ను కదులుతంది, పీకేయ్ బాబూ" అంది. మత్తిచ్చి పీకేశాను, ఐదు నిమిషాల పని. దూది పెడుతూ అద్దం పైకి తిప్పితే అంగిలంతా తెల్లగా, మందంగా, మధ్యలో ఎర్రటి మచ్చ, కందిగింజంత ఉంటుంది. అడ్డపొగ. మన సముద్రపొడ్డు ఆడవాళ్లు చుట్ట కాలే కొస నోట్లోపలికి పెట్టుకుని కాలుస్తారని కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. ఆ మచ్చ క్యాన్సర్ కావచ్చని నాకు తెలుసు బుజ్జీ. తెలిసి కూడా "చుట్ట మానెయ్యమ్మా, పదిరోజులాగి ఒకసారి కనబడు" అని పంపించేశాను, బయట పదిమంది ఉన్నారని. పేరు రాసుకోలేదు, ఏ వీధో అడగలేదు. నా పుస్తకంలో ఆ రోజు "ఎక్స్‌ట్రాక్షన్ 1" అని, పక్కన డబ్బులు, అంతే.

ఆవిడ రాలేదు. నేనూ మర్చిపోయాను.

ఎనిమిది నెలల తర్వాత కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. గంజి కూడా ముక్కులోంచి వచ్చేస్తోంది, అంగిలికి కన్నం పడిపోయింది. పెద్దాసుపత్రికి నేనే దగ్గరుండి తీసుకెళ్లాను, కానీ అప్పటికే చెయ్యి దాటిపోయింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు ఆవిడ, "పన్ను నొప్పి లేకుండా పీకావు బాబూ" అంది. నా క్లినిక్ నుంచి పెదజాలరిపేటకి నడిస్తే పదే నిమిషాలు. పదకొండో రోజు సాయంత్రం నేనే నడిచి వెళ్లుంటే?

అందుకే చెప్తున్నా, కుర్చీ కంటే ముందు ఒక లావుపాటి రిజిస్టర్ కొను, కంప్యూటర్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది. పేరు, ఊరు, రెండు ఫోన్ నంబర్లు, ఒకటి ఇంట్లో ఇంకెవరిదైనా. షుగర్, బీపీ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎకోస్ప్రిన్ వేసుకుంటారా అనేది పీకే ముందే అడిగి రాయి. ఏ పన్ను నొప్పని వచ్చినా సరే నాలుక కింద, బుగ్గల లోపల, అంగిలి, మొత్తం చూసి "చూశాను" అని రాయి. పుండు రెండు వారాల్లో మానకపోతే చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షకి పంపు, పంపి ఊరుకోకు, వెళ్లారా లేదా అని ఫోన్ చెయ్యి. రోజూ సాయంత్రం అరగంట ఫోన్లకే. పన్ను పీకించుకున్నవాళ్లకి మర్నాడు "రక్తం ఆగిందా అమ్మా" అని చేస్తే చాలు, వాళ్లు ఇంకెక్కడికీ వెళ్లరు, చుట్టాలనీ తెస్తారు. నా క్లినిక్ పాతికేళ్లు నడిచింది ఆ ఫోన్ల మీదే, ఒక్క బోర్డు కూడా మార్చలేదు.

నువ్వు ఇంటర్న్‌షిప్‌లో "రోజుకి పదిహేను పీకేస్తున్నా మావయ్యా" అన్నప్పుడే తిడదామనుకున్నా, నీ మొహంలో సంతోషం చూసి నోరు రాలేదు. ఇప్పుడు తిడుతున్నా. మధురవాడంటే ఐటీ పిల్లలూ, అపార్ట్‌మెంట్లూ అనుకోకు, జాలర్ల ఊరు మంగమారిపేట వైపు నుంచి ముసలమ్మలు వస్తారు, ఖైనీ నవిలే ఆటోవాళ్లు వస్తారు. వాళ్లకి పావుగంట ఎక్కువ పట్టినా పర్లేదు. నీ చెయ్యి నా చెయ్యి కన్నా సున్నితం, చిన్నప్పుడు పావురం కాలికి నువ్వు కట్టుకట్టిన రోజే అనుకున్నా.

కంప్రెసర్ బాత్రూమ్ పక్కన పెట్టిస్తున్నావట, అక్క చెప్పింది. ఆ తడిగాలే లోపలికి లాగుతుందమ్మా. ఆదివారం పొద్దున్నే వస్తా, అప్పటిదాకా గోడకి కన్నం కొట్టించకు. మాడుగుల హల్వా తెస్తున్నానని మీ అమ్మకి చెప్పు.

మీ మావయ్య