స్టోర్‌కీపర్ పరీక్షలో ఏం అడగాలి?

ప్రశ్న: మాది విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం. స్టోర్‌కీపర్ల ఎంపికకు జనరల్ నాలెడ్జి, ఇంగ్లీషు గ్రామర్, లెక్కలతో రాతపరీక్ష పెడుతున్నాం. తీరా చూస్తే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారే, గడువు దగ్గరపడిన సరుకును వెనక వదిలేసి కొత్త సరుకును ముందు పంపేస్తున్నారు. ప్రశ్నపత్రాన్ని ఇంకా కఠినం చేయమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: కఠినం చేస్తే, మీకు అక్కర్లేని విషయాలు ఇంకా బాగా తెలిసినవారు దొరుకుతారు, అంతే. ప్రశ్నపత్రానికి ముందు పనుల జాబితా తయారు కావాలి. అనుభవమున్న స్టోర్‌కీపర్లనూ సూపర్‌వైజర్లనూ కూర్చోబెట్టి, ఏ పని ఎంత తరచుగా వస్తుందో, అందులో పొరపాటు జరిగితే నష్టమెంతో రాయించండి. బ్యాచ్ నంబరునూ గడువు తేదీనీ బిల్లుతో సరిచూడటం, ముందు గడువు తీరేదాన్ని ముందు పంపడం, విప్పని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచడం వంటివి అందులో పైకి వస్తాయి. మార్కులూ ఆ ప్రాధాన్యాన్ని బట్టే పంచాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో బిల్లు కొట్టడం వంటి, చేరిన వారంలో మీరే నేర్పేవాటిని అడగనక్కర్లేదు.

ఇంగ్లీషును పూర్తిగా తీసేయమనను. పెట్టెల మీది అక్షరాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి వాటిని చదవగలగాలి; యాక్టివ్ వాయిస్‌ను ప్యాసివ్‌లోకి మార్చే విద్యతో మాత్రం గోడౌన్‌లో పనిలేదు.

తయారైన ప్రతి ప్రశ్ననూ ఆ పని తెలిసినవారికి విడివిడిగా చూపి, ఈ విషయం తెలియడం తప్పనిసరా, తెలిస్తే మంచిదా, అనవసరమా అని అడగండి. ఇది అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లాషే 1975లో ప్రతిపాదించిన పద్ధతి. తప్పనిసరి అన్నవారి సంఖ్యలోంచి బృందంలో సగాన్ని తీసివేసి, వచ్చినదాన్ని ఆ సగంతోనే భాగిస్తారు. పదిమందిలో ఎనిమిదిమంది తప్పనిసరి అంటే 0.6 వస్తుంది, పదిమందికి ఆయన పట్టికలోని కనీస విలువ 0.62 కనుక ఆ ప్రశ్న నిలవదు. ఐదుగురే ఉంటే అందరూ ఒప్పుకోవలసిందే.

ఇదంతా చాదస్తమనుకోకండి. ఉత్తర కరోలినాలోని డ్యూక్ పవర్ సంస్థ మెరుగైన ఉద్యోగాలకు హైస్కూలు చదువునూ సాధారణ తెలివితేటల పరీక్షనూ షరతులుగా పెట్టడంతో నల్లజాతివారే ఎక్కువగా వెనకబడ్డారు. ఆ షరతులకూ పనికీ సంబంధముందని సంస్థ చూపలేకపోవడంతో 1971లో అమెరికా సుప్రీంకోర్టు వాటిని తప్పుపట్టింది. ఆ తీర్పు మనకు వర్తించకపోయినా, మీ పత్రంలోని ప్రతి ప్రశ్ననూ అదే విధంగా నిలదీయవచ్చు.

అయితే నియమం తెలిసినవారందరూ దాన్ని పాటించగలరని కాదు. రాతపరీక్షతోపాటు, వేర్వేరు గడువు తేదీలున్న పెట్టెలు ముందుంచి ఒక ఆర్డరుకు సరుకు తీయించి చూడండి. మీ పాత ఉద్యోగులు కూడా ఇదే పొరపాటు చేస్తుంటే మాత్రం, లోపాన్ని ఎంపికలో కాకుండా ర్యాకుల అమరికలో వెతకాలి.